ఫ్యూజులు ఎవరి జేబులో

(నల్లగొండలో డిగ్రీ, పీజీ విద్యార్థుల కూడికలో ఒక విశ్రాంత రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. మాట తీరు మార్చలేదు.)

వెనకున్నోళ్లు జర ముందుకు రండి. ఫ్యాన్లు ఇక్కడనే తిరుగుతున్నయి, అక్కడ కూసొని చెమటలు పట్టుడెందుకు.

నన్ను పిలిచినోళ్లు ‘ప్రభుత్వానికీ సాయుధ సంస్థకూ నడుమ కాల్పుల విరమణ ఎట్ల కుదురుతది’ అని అంశం ఇచ్చిండ్రు. ముందే చెప్తున్న, నేను ఏ చర్చల బల్ల కాడా కూసోలేదు. పేపర్లు చదివిన, ఆ కాలంలో తిరిగిన మనుషులతో మాట్లాడిన, ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన. అంతే. కానీ పంచాయితీలు మాత్రం కండ్లార చూసిన. మా తాత ఊర్లె పెద్దమనిషి. అందుకే ఐక్యరాజ్య సమితి కాడికి పోయే ముందు మునుగోడు దిక్కు ఒక బావి కాడికి పోదాం.

అన్నదమ్ములిద్దరికి ఒకటే బావి, ఒకటే మోటరు. వంతులు. ఎండకాలం నీళ్లు తగ్గినయి, వంతు కాడ మాటా మాటా పెరిగింది, ఒక రాత్రి గడ్డపార లేచింది. తెల్లారి ఇద్దరూ మా తాత కాడికి వచ్చిండ్రు. ఒకని తలకు కట్టు ఉన్నది. తప్పెవరిది అని తాత అడుగుతడనుకున్న. అడుగలే. లేచి బావి కాడికి పోయిండు, స్టార్టరు డబ్బా తెరిచి మూడు ఫ్యూజులు గుంజి అంగి జేబుల ఏసుకున్నడు. ‘ఇగ చెప్పుండ్రి’ అన్నడు.

ఇద్దరి కాడ చెరి రెండు వందలు డిపాజిట్ కట్టిచ్చుకున్నడు. మాట తప్పినోని పైసలు పోతయి. పక్క చెల్కల గొర్లు మేపే ఆయనను పిలిచి, ‘నువ్వు రోజు ఇటే తిరుగుతవు, ఎవడన్న బావి కాడ కర్ర ముట్టుకుంటే నాకు చెప్పాలె’ అన్నడు. పంచాయితీ తెగేదాక వరి ఎండొద్దు కదా? పొద్దున మా జీతగాడు పోయి ఫ్యూజులు పెట్టి ఇద్దరి మడులకు చెరో గంట పారిచ్చి మల్ల గుంజుకొని వచ్చేటోడు. అసలు పంచాయితీ, అంటే బావిల ఎవని వాటా ఎంత అన్నది, ఆ దినం మొదలే కాలేదు.

నా ప్రసంగమంతా ఈ కథలనే ఉన్నది. ఆపుడు వేరు, తెంపుడు వేరు. కాల్పుల విరమణ అంటే ఆపుడు. శాంతి ఒప్పందమంటే తెంపుడు. మన కాడ 2004లో సర్కారూ నక్సలైట్లూ తెంపేటందుకు కూసున్నరు, ఆపేటి పని సగంలనే ఇడిచిపెట్టిండ్రు. ఫ్యూజులు ఎవ్వరి జేబులకూ రాలేదు.

మీరు పుట్టక ముందు సంగతి గనుక కొంచెం వెనకకు పోవాలె.

1997లో ఎస్.ఆర్. శంకరన్ గారు పెద్దగా పౌర స్పందన వేదిక మొదలైంది. కన్నబిరాన్ గారు, పొత్తూరి వెంకటేశ్వరరావు గారు, హరగోపాల్ సారు అందులో ఉన్నరు. హరగోపాల్ సారుది మన పాలమూరు దిక్కే, షాద్‌నగర్ కాడ మొగిలిగిద్ద. శంకరన్ గారి గురించి ఒక్క ముచ్చట చెప్పకుంటే పాపం. ఆయన ఐఏఎస్ అధికారి, సాంఘిక సంక్షేమ శాఖ చూసిండు, వెట్టి చాకిరి పోగొట్టేటందుకు ఊరూరు తిరిగిండు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీల, గుర్తేడు కాడ పీపుల్స్‌వార్ అనే నక్సలైటు పార్టీ వాళ్లు ఆయనను ఇంకొందరు అధికారులతో కలిపి పట్టుకపోయిండ్రు. జైల్లో ఉన్న తమ మనుషులను ఇడిపిచ్చుకొని గాని వీళ్లను వదల్లే. అట్ల బందీగ ఉండొచ్చిన మనిషి, పదేండ్లకు ఆ రెండు దిక్కుల నడుమ నిలబడి ‘ఇద్దరూ కాల్చుడు ఆపుండ్రి’ అన్నడు. నన్ను అడిగితే మధ్యవర్తికి పెద్ద అర్హత అదే. వాని మీద రెండు దిక్కులకూ అనుమానం ఉంటది గానీ, వాడు ఆస్తి కోసమో పదవి కోసమో వచ్చిండని మాత్రం ఎవ్వడూ అనలేడు.

ఆ దినాలు ఎట్లున్నయంటే, మన జిల్లాలనే చూడుండ్రి. సోమశిల కాడ 1993లో మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు చనిపోయిండు. 2001 ఫిబ్రవరిల ఇదే నల్లగొండల పౌరహక్కుల నాయకుడు ఆజం అలీని నరికి చంపిండ్రు. అదే ఏడాది డిసెంబరులో దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను పీపుల్స్‌వార్ వాళ్లు చంపిండ్రు. ఇంకా ఆర్నెల్లు గడవకముందే, 2002 వేసవిల, చంద్రబాబు ప్రభుత్వంతోటి చర్చల మాట లేచింది. అటు దిక్కు నుంచి వరవరరావు, గద్దర్ ప్రతినిధులుగ వచ్చిండ్రు. నెల రోజులు కాల్పులు ఆపుతమని పీపుల్స్‌వార్ ప్రకటన ఇచ్చింది. ఎన్‌కౌంటర్లు ఆగలే, ఆ మాటలు అక్కడనే పడిపోయినయి. మరుసటేడు అక్టోబరు 1న అలిపిరిల చంద్రబాబు మీద మందుపాతర పేలింది.

2004 మే ఎన్నికలల్ల ప్రభుత్వం మారింది. చర్చలు జరుపుతమని కాంగ్రెసు ముందే చెప్పింది గనుక మాట తప్పలేని స్థితి. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రి, హోంమంత్రి మన నల్లగొండ మనిషే, జానారెడ్డి. జూన్ నుంచి కాల్పులు ఆగినయి. జూలైల పీపుల్స్‌వార్ మీద ఉన్న నిషేధం గడువు అయిపోతే మల్ల పొడిగించలే. సెప్టెంబరు ఆఖరుకు హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంల బహిరంగ సభ అయింది. ఆ ఆరేడు నెలలు ఊర్లల్ల రాత్రిళ్లు తలుపు కొట్టుడు తగ్గింది. ఆ సంగతి ఏ లెక్కల పుస్తకంలనూ ఉండదు. అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు చెంచు గూడేలల్ల అడుగుండ్రి, ముసలోళ్లు చెప్తరు.

అక్టోబరు 11న పీపుల్స్‌వార్ నాయకుడు ఆర్కే, అంటే అక్కిరాజు హరగోపాల్, నల్లమల నుంచి ప్రకాశం జిల్లా చిన్న ఆరుట్ల కాడ బయటికొచ్చిండు. తుపాకులు భుజానున్నయి, టీవీ కెమెరాలు ముందలున్నయి. గుత్తికొండ బిలం కాడ సభ పెట్టి హైదరాబాద్ వచ్చిండ్రు. మంజీరా అతిథిగృహంల బస. చర్చలు 15 నుంచి 18 దాకా, మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థల. మావోయిస్టుల దిక్కు ఆర్కే, సుధాకర్, గణేశ్. జనశక్తి అనే ఇంకో నక్సలైటు పార్టీ దిక్కు అమర్, రియాజ్. సరిగ్గా అంతకు ఒక రోజు ముందు, 14న, పీపుల్స్‌వార్, ఎంసీసీ అనే ఇంకో నక్సలైటు పార్టీ కలిసి మావోయిస్టు పార్టీ అయిందని ప్రకటన వచ్చింది. ప్రభుత్వం పిలిచింది కొన్ని రాష్ట్రాలల్ల ఉన్న పార్టీని. వచ్చి కూసునే సరికి దేశమంతటి పార్టీ అయింది. ఇది చిన్న సంగతి కాదు, మల్ల వస్త దీని కాడికి.

మంజీరా ముందట జనం బారులు కట్టిండ్రు. చేతుల్ల దరఖాస్తులు. నా భూమి ఫలానాయన పట్టా చేయించుకున్నడు, నా కొడుకు కనబడుత లేడు, ఇట్లాంటియి. నాకు నవ్వూ వచ్చింది, బాధా అయింది. సర్కారు సొంత అతిథిగృహం ముందల నిలబడి, సర్కారు మీద ఫిర్యాదు అడివి నుంచి వచ్చినోనికి ఇస్తున్నరు. తహసీల్దారు ఆఫీసుకు అంతకంటె ఎక్కువ అవమానం ఏముంటది?

భూమి మీద మంచి చర్చే నడిచింది. డిసెంబరులో కోనేరు రంగారావు కమిటీ వేసిండ్రు. ఆ కమిటీ 2006లో 104 సిఫార్సులు ఇచ్చింది. చర్చల నుంచి మిగిలిన వస్తువంటూ ఏదన్న ఉంటే అదొక్కటే. కమిటీ నివేదిక వచ్చేసరికి చర్చలు చచ్చి ఏడాది దాటింది.

ఇగ అసలు ముడి కాడికొద్దాం. ఆయుధం.

ప్రభుత్వం ఏమన్నదంటే, కాల్పుల విరమణ అంటే తుపాకి పట్టుకొని ఊర్లకు రావద్దు. మావోయిస్టులు ఏమన్నరంటే, కాల్చం అని చెప్పినం గానీ తుపాకి ఇడుస్తమని చెప్పలే, తుపాకి లేకుంటే మేమెవరం? రెండూ నిజమే చూడుండ్రి. పోలీసు దిక్కు నుంచి ఆలోచించుండ్రి: తుపాకి భుజానేసుకొని ఊర్లె కూసొని మాట్లాడుతుంటె, అవతలోడు ‘లేదు’ అనగలుగుతడా? అటు దిక్కు నుంచి ఆలోచించుండ్రి: తుపాకి కింద పెట్టినోణ్ని తెల్లారి ఎన్‌కౌంటర్ చెయ్యరని నమ్మకమేంది? పాత లెక్కలు ఉన్నయి కదా.

శంకరన్ గారి బృందం నియమాల ముసాయిదా రాసింది, ఎవరు ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యొద్దని. ఆయుధాల కాడనే ఆగింది. రెండో విడత చర్చలు ఎన్నడూ జరుగలే. జనవరి మొదట్ల ఎన్‌కౌంటర్లు, నెల నడుమకు వచ్చేసరికి రెండు పార్టీలూ బయటికి పోతున్నమని ప్రకటించినయి.

ఈ ఆయుధం ముడి విప్పలేనిదేం కాదు. రెండేండ్ల తర్వాత మన పక్కనున్న నేపాల్‌ల విప్పిండ్రు. 2006 నవంబరులో ఒప్పందం. మావోయిస్టుల సైన్యం శిబిరాలల్లకు పోవాలె, ఆయుధాలు ఇనుప కంటైనర్లల్ల పెట్టి తాళం ఏయాలె. అవునా? తాళం చెవి ఎవరి దగ్గర పెట్టిండ్రు? ప్రభుత్వం దగ్గర పెట్టలే, ఐక్యరాజ్య సమితి దగ్గరా పెట్టలే. మావోయిస్టుల దగ్గరనే ఉంచిండ్రు! కానీ కంటైనరుకు సైరను ఉంటది, కెమెరా ఉంటది. తలుపు తెరిస్తే లోకానికి తెలుస్తది. ఎన్ని తుపాకులు వాళ్లయి పెట్టిండ్రో అన్ని నేపాల్ సైన్యానివి కూడ పెట్టించిండ్రు. చెరి రెండు వందల డిపాజిట్ అన్నట్టు. ఐక్యరాజ్య సమితి మనుషులు పూర్తిగ వచ్చేదాక మన సైన్యంలనూ బ్రిటిష్ సైన్యంలనూ పనిచేసి వచ్చిన మాజీ గూర్ఖాలను కావలి పెట్టిండ్రు. మా గొర్లాయన యాదికొస్తలేడా? ఆ తర్వాత 19,602 మందిని సైనికులుగ తేల్చిండ్రు, కొందరు సైన్యంల చేరిండ్రు, ఎక్కువ మంది పైసలు తీసుకొని ఇంటికి పోయిండ్రు. దానికి ఏండ్లు పట్టింది, తిట్టుకున్నరు, కొట్టుకున్నరు. మల్ల యుద్ధం మాత్రం కాలే.

తాళం చెవి ఇయ్యమని అడుగకుండ, తాళం తీసిన చప్పుడు వినబడేటట్టు చేసిండ్రు. నాకు ఆ తెలివి చానా నచ్చుతది.

కాగితం మీద మాటలు ఎంత పని చేస్తయో చెప్త. ఈశాన్యంల నాగాల సాయుధ సంస్థతోటి, ఎన్ఎస్‌సీఎన్ ఐజక్-ముయివా వర్గంతోటి కేంద్రం 1997 ఆగస్టు 1 నుంచి కాల్పులు ఆపింది. నియమాలు రాసుకున్నరు, శిబిరాలు గుర్తించిండ్రు, చూసేటందుకు కమిటీ వేసిండ్రు. 2001 జూన్‌ల పొడిగించేటప్పుడు ‘భౌగోళిక హద్దులు లేకుండ’ అని మూడు మాటలు చేర్చిండ్రు. అంటే మణిపూర్‌ల కూడ వర్తిస్తదని. మణిపూర్‌ల జనం తమ రాష్ట్రాన్ని చీలుస్తున్నరనుకున్నరు. జూన్ 18న ఇంఫాల్‌ల అసెంబ్లీ తగలబడింది, 18 మంది చచ్చిపోయిండ్రు. ఆ మూడు మాటలు తీసేసిండ్రు. ఆపేటి కాగితమే అగ్గిపుల్ల అయింది.

కాబట్టి ఎక్కడ వర్తిస్తది అన్నది మొదటి ప్రశ్న. అందుకే అన్న, 2004 అక్టోబరు 14 ప్రకటన చిన్నది కాదని. ఒక రాష్ట్ర ప్రభుత్వం, దేశమంతట యుద్ధం చేస్తున్న పార్టీతోటి, తన హద్దు లోపల మాత్రమే కాల్పులు ఆపుతున్నది. నల్లమల ఇటు ఆగుతది, దండకారణ్యంల నడుస్తది. ఇది ఎంతకాలం నిలబడతది?

ఎవరు ఆపాలె అన్నది రెండో ప్రశ్న. ఇది మన దగ్గర ఎవ్వరూ సరిగ్గ మాట్లాడలే. కాగితం మీద ఇద్దరే ఉన్నరు. ఊర్లల్ల మాత్రం మూడో తుపాకి ఉండె. గ్రీన్ టైగర్లని, కోబ్రాలని ఏవేవో పేర్లు. వాళ్లు సర్కారు మనుషులు కాదని సర్కారు అంటది. మరి ఆ చంపిన లెక్క ఎవరి ఖాతాల రాయాలె? మా తాత దగ్గర ఇద్దరు అన్నదమ్ములే గాదు, ఒకని బామ్మర్ది కూడ కర్ర పట్టుకొని తిరిగేటోడు. తాత వాని పేరు కూడ డిపాజిట్ కాగితంల రాయించిండు. ‘బామ్మర్ది కొట్టినా నీ పైసలే పోతయి’ అన్నడు.

ఇగ మూడోది, చూసేటోడు. శ్రీలంకల 2002 ఫిబ్రవరిల నార్వే మధ్యవర్తిత్వంతోటి అక్కడి సర్కారుకూ తమిళ పులులకూ, అంటే ఎల్టీటీఈకి, ఒప్పందం అయింది. నార్డిక్ దేశాల నుంచి పర్యవేక్షకులు వచ్చిండ్రు. ఎవడు ఎన్నిసార్లు ఉల్లంఘించిండో రాసిండ్రు. ఎల్టీటీఈ పేరు మీదనే ఎక్కువ పడ్డయి. అయినా యుద్ధం మల్ల మొదలైంది, 2008 జనవరిల ఒప్పందమే రద్దయింది, తర్వాత ఏమయిందో మీకు తెలుసు. అంటే చూసేటోడుంటే సరిపోదు. రాసిన లెక్క చూసి ఎవడో ఒకడు సిగ్గుపడాలె, లేకుంటె ఎవనికో ఒకనికి నష్టం కావాలె. డిపాజిట్ లేని పంచాయితీల గొర్లాయన ఎంత చెప్పినా ఏం లాభం? నన్ను అడిగితే 2004ల మన దగ్గర రెండూ లేకుండె. పౌర వేదిక పెద్దలకు ఒక జీపు లేదు, ఒక ఆఫీసు లేదు, ఫలానా ఊర్లె ఫలానా దినం ఏమయిందని పోయి విచారించి తీర్పు చెప్పే అధికారం లేదు. పొద్దున పేపర్ల ఎన్‌కౌంటర్ అని చదివి ప్రకటన రాసుడు, అంతే. పాపం, ఆ వయసుల వాళ్లు ఇంకేం చెయ్యగలుగుతరు.

మనం మన పాత కథను కూడ ఒకసారి యాది చేసుకోవాలె. తెలంగాణ సాయుధ పోరాటం కమ్యూనిస్టులు 1951 అక్టోబరు 21న ఆపిండ్రు. అది కాల్పుల విరమణ కాదు, ఒక్క దిక్కు విరమణ. కాగితం మీద సంతకం లేదు. పార్టీ మీద నిషేధం ఉండంగనే పీడీఎఫ్ అనే వేదిక పేరు మీద 1952 ఎన్నికలకు పోయిండ్రు. బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పోయిండు. మనందరం ఛాతీ ఇరుచుకొని చెప్పే ముచ్చట. కానీ సంతకం లేని విరమణల ఏం మిగిలిందో కూడ చెప్పుకోవాలె. జైళ్లల్ల ఉన్నోళ్ల సంగతి, కేసుల సంగతి, ఉరిశిక్ష పడ్డోళ్ల సంగతి, అన్నీ తర్వాత ఒక్కొక్కటిగ కోర్టుల చుట్టు తిరగాల్సి వచ్చింది. పంచుకున్న భూములు మల్ల గుంజుకున్న ఊర్లు ఉన్నయి. 1951ల పోరాటం ఆపకముందే, ఏప్రిల్ 18న పోచంపల్లిల హరిజనులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తనన్నడు. భూదానం గురించి మీ ఇష్టం, నా ఇష్టం వేరు వేరు ఉండొచ్చు. కాని కాల్పులు నడుస్తున్న జిల్లాల అడిగినోడూ ఇచ్చినోడూ ఒక్క తీరుగ ఎదురెదురుగ నిలబడి లెక్క చెప్పుకున్నరు. నాకు దాంట్ల కనబడేది అదీ.

మల్ల 2005కు వద్దాం, ఇది చెప్పుడు కష్టం. ఆగస్టు 15, జెండా పండుగ. నారాయణపేటల మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, వెంట ఉన్నోళ్లను మావోయిస్టులు కాల్చి చంపిండ్రు. 17న నిషేధం మల్ల వచ్చింది. అంతకు ముందే జూలై 1న రియాజ్ ఎన్‌కౌంటర్ల చనిపోయిండు. చర్చలకు వచ్చి బల్ల ముందల కూసొని పోయిన మనిషి. ఆ రెండు చావుల తర్వాత మల్ల చర్చలు అన్న మాట ఏ నాయకుని నోట్లె రావాలె?

రెండు దిక్కుల వాళ్లూ ఆ ఆరు నెలల టైములో యుద్ధానికే తయారైండ్రని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటరు. నా అంచనా ఏందంటె ఇద్దరూ చెప్పేది నిజమే. కాల్పుల విరమణ అంటేనే అది. బలం కూడదీసుకునేటందుకు ఎవడన్న వాడుకుంటడు. అందుకే నియమాలు రాసేది. ఇద్దరూ సాధువులైతె నియమాలెందుకు?

2025 సంగతి మీకు యాదికే ఉంటది. ఎండకాలం మొదట్ల మావోయిస్టులు చర్చలకు సిద్ధమని ఉత్తరాలు రాసిండ్రు. హరగోపాల్ సారు, జస్టిస్ చంద్రకుమార్ గారు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిసిండ్రు. ఆయనది పాలమూరు, కొండారెడ్డిపల్లి. ఆయన పోయి జానారెడ్డిని కలిసిండు, 2004 అనుభవం ఉన్నది గనుక. టీవీల చూసిన నాకు పాత సినిమా మల్ల ఏసినట్టు అనిపించింది. కానీ ఈసారి ఫ్యూజు డబ్బా హైదరాబాద్‌ల లేదు. యుద్ధం ఛత్తీస్‌గఢ్‌ల, నడిపేది ఢిల్లీ. ముందు ఆయుధాలు దించుండ్రి అన్నది కేంద్రం మాట. మే 21న అబూజ్‌మడ్‌ల పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయిండు. జూన్‌ల సుధాకర్, గణేశ్. ఆర్కే 2021ల జబ్బుతోటి పోయిండు. 2004ల అవతల దిక్కు కూసున్న అయిదుగురిల నలుగురు లేరు. అక్టోబరుల మల్లోజుల వేణుగోపాల్ 60 మందితోటి గడ్చిరోలిల ఆయుధాలు అప్పజెప్పిండు. అది లొంగుబాటు. కొందరు దాన్ని కూడ శాంతి చర్చల ఫలితమని రాసిండ్రు. పేర్లు కలపొద్దు. లొంగుబాటుకు నియమాల కాగితం అక్కర లేదు, రసీదు చాలు.

నా మాట అయిపోయింది. ఏమన్న అడగాలంటె అడుగుండ్రి.

(ఒక విద్యార్థిని: సార్, మరి మీ తాత పంచాయితీ ఏమయింది? బావి వాటా తెగిందా?)

తెగలేదమ్మా. మూడేండ్లు నడిచింది. మూడేండ్లల్ల ఒక్క కర్ర కూడ లేవలే. తర్వాత కరువు వచ్చి బావే ఎండిపోయింది. ఇద్దరూ చెరో దిక్కు బోర్లేసుకున్నరు, అవి కూడ ఆరు నెలలకు ఎండినయి, పెద్దోడు భివండి పోయిండు, చిన్నోడు హైదరాబాద్‌ల వాచ్‌మన్ అయిండు. తాత పోయినంక సందూక తెరిస్తె అడుగున గుడ్డల కట్టి ఆ మూడు ఫ్యూజులు, డిపాజిట్ నాలుగు వందలు దొరికినయి. పైసలు మా నాయన పోయి చెరి సగం ఇచ్చొచ్చిండు. ఫ్యూజులు మాత్రం ఎవ్వరూ అడుగలే.

ఇంకెవరన్న? ఆ చివరన చెయ్యి లేపిన తమ్మీ, నువ్వు చెప్పు.